బేస్ వినపడుతోందా?

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగగానే మీ చేతిలో ముందు పడేది కాగితం. ‘ఫుల్ స్టాక్ జావా, డెమో క్లాసు ఫ్రీ’. ఇచ్చిన కుర్రాడు మీ మొహం కూడా చూడడు, అప్పటికే మీ వెనకవాడి చేతిలో ఇంకోటి పెడుతుంటాడు. 2025 సెప్టెంబర్ 27, శనివారం, సాయంత్రం ఏడు. వాన కాస్త తెరిపిచ్చింది. నిన్న రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. దసరాకి ఊరెళ్లాల్సిన హాస్టల్ పిల్లలు, తమ బస్సు ఎక్కణ్నుంచి బయల్దేరుతుందో ఫోన్లలో కనుక్కుంటూ మెట్రో స్తంభాల కింద బ్యాగుల మీద కూర్చున్నారు.

సత్యం థియేటర్ వైపు నడవండి. ఆ థియేటర్ ఇప్పుడు లేదు. ఆ జాగాలో 2023లో అల్లు అర్జున్ పేరుతో మల్టీప్లెక్స్ వచ్చింది. ఆటోవాళ్లకి మాత్రం ఇప్పటికీ అది సత్యమే. ‘ఓజీ’ విడుదలై మూడో రోజు కాబట్టి అక్కడ నిలబడి మాట్లాడుకోవడం అయ్యే పని కాదు. పవన్ కల్యాణ్ అభిమానుల అరుపులు దాటుకుని, జిరాక్స్ షాపు పక్క సందులోకి తిరగండి. బాయ్స్ హాస్టల్, దాని మీద ఇంకో బాయ్స్ హాస్టల్, ఎదురుగా కర్రీ పాయింట్. మూడో అంతస్తు. లిఫ్టుంది గానీ దాని తలుపు మీద ‘రిపేరు’ అన్న కాగితం అంటించి ఉంది, అది కూడా పాతబడింది.

పైన ఉన్నది గిటార్ నేర్పే గది. చెప్పులు బయట విడవాలి. లోపల ఓ పది మంది, మూడు కుర్చీలు, మిగతావాళ్లు చాప మీద. గోడకి ఒక ఎ-ఫోర్ కాగితం అతికించారు. కింద జిరాక్స్ షాపులో తీసిన ప్రింటు, ఇంకు కాస్త నీలం కొట్టింది. పొడుగు జుట్టు, సన్న మీసం, అప్పటికే ఫ్యాషన్ పోయిన బెల్‌బాటమ్ ప్యాంటు, చేతిలో రికెన్‌బాకర్ బేస్ గిటార్. క్లిఫ్ బర్టన్. మెటాలికా బేసిస్టు. పోయి ఈ రోజుకి 39 ఏళ్లు. పోయేనాటికి అతని వయసు 24, అంటే ఈ గదిలో సగం మంది అతనికంటే పెద్దవాళ్లు.

దండ తెచ్చారు ఎవరో, చామంతులు, బతుకమ్మ కోసం అమ్ముతుంటే కొన్నవి. మాష్టారు వెయ్యనివ్వలేదు.

“దండేస్తే దేవుడైపోతాడు. దేవుణ్ని తిట్టలేం. మనం ఇవాళ కూర్చుందే వీడెంత వాయించాడో తేల్చుకోడానికి.”

మాష్టారికి నలభై దాటాయి. కాలేజీ ఫెస్టుల కాలంలో స్టేజీల మీద బేస్ వాయించాడు, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాడు. నేర్చుకోడానికి వచ్చే వందలో తొంభై మందికి ఆరు తీగల గిటారే కావాలట. బేస్ కావాలని వచ్చినవాడు కూడా నెల తిరక్కుండా “సార్, గిటార్‌కి మారతా” అంటాడట. బాధగా చెప్పడు ఈ మాట, ఫీజు లెక్క చెప్పినట్టు చెబుతాడు.

తలుపు దగ్గర కూర్చున్నవాడు కరీంనగర్ కుర్రాడు. పగలు డెవాప్స్ కోచింగ్, రాత్రి హాస్టల్ గదిలో నలుగురి మధ్య హెడ్‌ఫోన్స్. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్‌లో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ వాయించే ఘట్టం చూసి ఇటొచ్చాడు. పాత అభిమానులు ఇలాంటివాళ్లని చూసి మూతి తిప్పుతారు. ఇక్కడ మాత్రం ఎవరూ తిప్పలేదు.

“నిజం జెప్తున్న అన్నా. గా మొదటి ఆల్బంల సోలో ఉంటది గదా, నేను గిటారే అనుకున్న. బేస్ అని తెల్వనే తెల్వదు.”

“అదే గొప్పతనం కదండీ!” కిటికీ దగ్గర భీమవరం ఆయన అందుకున్నాడు. ఐటీ ఉద్యోగి, ఒంటి మీద నల్ల టీషర్టు, ఉతికి ఉతికి బూడిద రంగుకి వచ్చింది. “బేస్‌తో గిటార్ పని చేయించాడు.”

“గొప్పతనం కాదు, గోల.” ఈ మాటన్నది గదిలో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి. పంజాగుట్టలో ఓ డిజైన్ ఆఫీసులో పని, ఆదివారం సికింద్రాబాద్‌లో చర్చి కొయిర్‌కి బేస్. మన తెలుగు చర్చిల్లో బేస్ వాయించేవాళ్లు ఎంతమందో, ఎంత నికరంగా వాయిస్తారో ఈ రాక్ జనానికి పట్టదు. వారం వారం వందమంది పాడుతుంటే తాళం జారనివ్వకుండా పట్టుకోవడం ఆమెకి అలవాటైన పని. “బేస్ పాటకి కింద ఉండాలి సర్. ఈయన పైకెక్కి కూర్చుంటాడు.”

మాష్టారు మాట్లాడకుండా ఆంప్లిఫయర్ స్విచ్ వేశాడు.

అతను వాయించేలోపు ఒక మాట. బేస్‌కి నాలుగు తీగలు. గిటార్ కన్నా ఒక స్థాయి కింద పలుకుతాయి. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది, చెవి కంటే ఒళ్లు ముందు పసిగట్టే శబ్దం. పక్క అపార్ట్‌మెంట్ ముందు బతుకమ్మ ఆడుతున్నారు. పాటలో మాటలు ఈ మూడో అంతస్తుకి అందడం లేదు గానీ డీజే బాక్సు అడుగు దెబ్బ గచ్చులోంచి మీ పాదాలకి తెలుస్తూనే ఉంది. బేస్ వాయించేవాడు సాధారణంగా డ్రమ్స్‌ని అంటిపెట్టుకుని, గిటార్ నడకకి ఆధారస్వరం ఇస్తూ పోతాడు. 1983లో ‘కిల్ ఎమ్ ఆల్’ ఆల్బంలో క్లిఫ్ చేసింది అది కాదు. బేస్‌ని డిస్టార్షన్‌లోంచి, వా పెడల్‌లోంచి పంపి, నాలుగు నిమిషాల పైచిలుకు సోలో వాయించాడు. డ్రమ్స్ తర్వాతే వచ్చి కలుస్తాయి. పాట మొదట్లో ‘టేక్ వన్’ అని ఇంజనీర్ గొంతు వినిపిస్తుంది.

మాష్టారు అందులో ముందు భాగం వాయించాడు. గదిలో ట్యూబ్‌లైట్ చోక్ జివ్వుమంది. కరీంనగర్ కుర్రాడు ఫోన్ తీసి రికార్డు చేయబోతే మాష్టారు కనుసైగతో వద్దన్నాడు. వేళ్లతోనే వాయిస్తున్నాడు, పిక్ లేదు. క్లిఫ్ కూడా అంతే, చూపుడువేలు, మధ్యవేలు.

“ఇది వినండి,” అని ఆపి మళ్లీ మొదలెట్టాడు. “ఇక్కడ స్వరాలు ఎలా విరిచాడో చూశారా? కార్డ్‌ని ముక్కలు చేసి ఒక్కో స్వరం వరసగా. ఇది రాక్ నుంచి రాలేదు, బాక్ నుంచి వచ్చింది.”

అది ఊరికే పొగడ్త కాదు. కాలిఫోర్నియాలోని కాస్ట్రో వ్యాలీలో 1962 ఫిబ్రవరి 10న పుట్టిన ఈ కుర్రాడు చిన్నప్పుడు పియానో నేర్చుకున్నాడు. 1975లో అన్న స్కాట్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ఆ తర్వాతే 13 ఏళ్ల క్లిఫ్ బేస్ పట్టుకున్నాడు. గురువుల దగ్గర కూర్చుని బరోక్ సంగీతం నోటేషన్‌తో సహా చదివాడు. మెటాలికాలో చేరాక కూడా రోజుకి నాలుగు నుంచి ఆరు గంటలు సాధన మానలేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఈ సంగతి వినగానే చాప మీద ఎవరో “నలభై ఐదు రోజుల క్రాష్ కోర్సు కాదన్నమాట” అన్నారు. అమీర్‌పేటలో ఈ జోకు పేలకుండా ఎలా ఉంటుంది?

1982లో లాస్ ఏంజెలెస్‌లోని ‘విస్కీ ఎ గోగో’ క్లబ్బులో ట్రామా అనే బృందంతో వాయిస్తుంటే లార్స్ ఉల్రిచ్, జేమ్స్ హెట్‌ఫీల్డ్ చూశారు. సోలో వాయిస్తున్న గిటారిస్టు ఎవరా అని వెతికితే అది బేస్ అని తేలింది. అంటే కరీంనగర్ కుర్రాడు పడిన పొరపాటు వాళ్లిద్దరూ ముందే పడ్డారు. రమ్మని అడిగితే, తాను లాస్ ఏంజెలెస్ రానని, బృందమే శాన్‌ఫ్రాన్సిస్కో వైపు మకాం మార్చాలని షరతు పెట్టాడు. వాళ్లు మార్చారు. బేసిస్టు కోసం ఊరు మారిన బృందాలు నాకు తెలిసి ఎక్కువ లేవు.

“సరే సర్,” చర్చి బేసిస్టు వదల్లేదు. “సోలో బాగుంది. మరి తాళం? లైవ్ రికార్డింగులు వినండి. పరుగెత్తుతాడు. డ్రమ్స్ ఒక చోట, ఈయన ఒక చోట.”

“డ్రమ్మర్ లార్స్ కదమ్మా,” భీమవరం ఆయన అన్నాడు. గదంతా గొల్లుమంది. లార్స్ తాళం మీద జోకులు మెటల్ లోకంలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి.

ఆమె నవ్వలేదు. “డ్రమ్మర్ జారితే పట్టుకోవాల్సింది బేసే కదా? తర్వాత వచ్చిన జేసన్ న్యూస్టెడ్ పిక్‌తో వాయించాడు, గిటార్లతో అతుక్కుపోయాడు. మెటల్‌కి కావాల్సింది అదే. ఈయన 24కే పోయాడు కాబట్టి ఎవరూ అనరు. ఇప్పుడున్న ట్రుహీయో 2003 నుంచి వాయిస్తున్నాడు. ఆయన గురించి ఎవరైనా ఇలా చాప పరుచుకు కూర్చున్నారా?”

ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఆ మాటలో నిజముంది. క్లిఫ్ మెటాలికాలో ఉన్నది నాలుగేళ్ల లోపు, మిగిల్చింది మూడు ఆల్బంలు. ముసలితనం రాని కళాకారుడికి చెడ్డ ఆల్బం కూడా ఉండదు. 1990లలో మెటాలికా జుట్టు కత్తిరించుకుని మెత్తబడినప్పుడు “క్లిఫ్ ఉంటే ఇలా జరగనిచ్చేవాడా” అన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఉంటే తనే ముందు కత్తిరించేవాడేమో, ఎవరు చూశారు? సైమన్ అండ్ గార్ఫంకెల్ నుంచి మిస్‌ఫిట్స్ దాకా అన్నీ విన్న మనిషి అతను.

మాష్టారు ఆమె పక్షమూ తీసుకోలేదు, ఆయన పక్షమూ తీసుకోలేదు. ఫోన్ తీసి ‘ఓరియన్’ పెట్టాడు, ఫోన్ స్పీకర్ మీదే. సగంలో ఆపి, “బేస్ వినపడుతోందా?” అని అడిగాడు.

“వినబడ్తలేదు.”

“రాదు. ఆ స్పీకర్‌కి అంత కింది స్వరం పలికే శక్తి లేదు. మీరంతా మెటాలికా విన్నది ఇందులోనే. విని, బేస్ గురించి కొట్టుకుంటున్నారు.”

ఈసారి పెద్ద బాక్సులకి తగిలించాడు. 1986 మార్చిలో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ ఆల్బంలో ఏడో పాట అది, మాటల్లేని వాద్యగీతం. మొదటి సగం బరువుగా, వరసగా నడుస్తుంది. నాలుగో నిమిషం దగ్గర అంతా ఆగిపోతుంది. బేస్ ఒక్కటే మిగులుతుంది. తాళం మారుతుంది, శ్రుతి మారుతుంది. ఆ చిన్న నడక మీద గిటార్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరతాయి. మీరు చాప మీద కూర్చుని ఉంటే ఈ క్షణంలో మీ పక్కవాళ్లని చూడండి. ఇందాక తాళం లేదన్న అమ్మాయి వేళ్లు మోకాలి మీద అదే నడక వేస్తున్నాయి.

“ఇది వేరు,” అంది పాట అయ్యాక. “ఇది కూర్చినవాడికి హార్మనీ తెలుసు.”

ఆ ఒప్పుకోలు చిన్నదేం కాదు. హెట్‌ఫీల్డ్, కిర్క్ హామెట్ ఇద్దరూ తమకి హార్మనీ సంగతులు క్లిఫ్ దగ్గరే తెలిశాయని తర్వాత చెప్పుకున్నారు. 1984 నాటి ‘రైడ్ ద లైట్నింగ్’లో ఎనిమిది పాటలుంటే ఆరింటికి కూర్పులో అతని పేరుంది. ‘ఫర్ హూమ్ ద బెల్ టోల్స్’ మొదట్లో గిటార్‌లా అరిచేది అతని బేసే. అతను పోయాక 1988లో వచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో న్యూస్టెడ్ బేస్‌ని మిక్సింగ్‌లో ఎంత తగ్గించారంటే, వెతికినా దొరకదు. నా మటుకు నాకు అది ఆ బృందం చేసిన అన్యాయాల్లో పెద్దది.

ఎనిమిదిన్నరకి హాస్టల్ మెస్ మూసేస్తారని ముగ్గురు లేచారు. మిగతావాళ్లతో మీరూ దిగండి. చినుకులు మళ్లీ మొదలయ్యాయి. మెట్రో లైను కిందుగా నడిస్తే పైనుంచి వాన తక్కువ, స్తంభాల పక్క నీళ్లు ఎక్కువ. పంజాగుట్ట దాకా ఒక్క స్టేషన్ దూరం. బట్టల షాపుల దసరా డిస్కౌంట్ బోర్డులు, వాటి మధ్య కోచింగ్ బోర్డులు. రోడ్డు పక్కన బెంగళూరు వెళ్లే స్లీపర్ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. క్లీనర్లు సీటు నంబర్లు అరుస్తున్నారు.

భీమవరం ఆయన ఇక్కడ నెమ్మదించాడు. 2011 అక్టోబర్‌లో ఆయన ఇలాంటి బస్సే ఎక్కాడు. మెటాలికా మొదటిసారి ఇండియా వచ్చింది. 28న గుర్‌గావ్ కచేరీ ఆఖరి క్షణంలో రద్దయింది. 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం జరిగింది. “పై బెర్త్ నాది. తెల్లారేదాకా నిద్ర పట్టలేదండీ. క్లిఫ్ బస్సే గుర్తొచ్చింది.”

1986 సెప్టెంబర్ 26 రాత్రి స్టాక్‌హోమ్‌లో కచేరీ. అది ముగిశాక బృందం బస్సులో కోపెన్‌హాగెన్ వైపు బయల్దేరింది. పడక ఎవరికి ఏదన్నది పేకముక్కలతో తేల్చుకున్నారు. క్లిఫ్‌కి ఇస్పేటు ఆసు వచ్చింది, కిర్క్ హామెట్ బెర్త్ ఇచ్చేశాడు. తెల్లవారుజామున స్వీడన్‌లో డోరార్ప్ అనే చిన్న ఊరి దగ్గర బస్సు పట్టు తప్పి పడింది. కిటికీలోంచి బయటపడ్డ క్లిఫ్ మీద పడింది. రోడ్డు మీద పల్చటి మంచుపొర ఉందన్నాడు డ్రైవర్. ఆ చలిలో ఆ రోడ్డు వెంట నడుచుకుంటూ వెతికానని, మంచు కనపడలేదని హెట్‌ఫీల్డ్ అన్నాడు. విచారణలో డ్రైవర్ తప్పు తేలలేదు. అంత్యక్రియల్లో ‘ఓరియన్’ వినిపించారు. డోరార్ప్ దగ్గర 2006లో పెట్టిన స్మారకశిల ఉంది. తండ్రి రే బర్టన్ 94 ఏళ్ల వయసులో, 2020లో పోయారు. అప్పటిదాకా అభిమానులు కనిపిస్తే నిలబడి మాట్లాడేవారు. కొడుక్కి వచ్చే రాయల్టీని కాస్ట్రో వ్యాలీ హైస్కూల్లో సంగీతం చదివే పిల్లల స్కాలర్‌షిప్పులకి ఇచ్చారు.

ఇలాంటి ప్రమాదానికి స్వీడన్ దాకా పోనక్కర్లేదు. బెంగళూరులో మెటాలికా వాయించిన రోజుకి సరిగ్గా రెండేళ్లకి, 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది చనిపోయారు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. ఆగి ఉన్న బస్సుల పక్కనుంచి నడుస్తూ అందరూ కాసేపు ఊరుకున్నారు.

పంజాగుట్టలో చాయ్ హోటల్. నిమ్స్ వైపు అంబులెన్స్ ఒకటి ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూస్తోంది. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, తడిసిన చొక్కాలు. ఇక్కడ వాదన మళ్లీ లేచింది, ఈసారి కరీంనగర్ కుర్రాడి వల్ల.

“మనోళ్లల్ల గిట్ల బేస్ వాయించినోళ్లు లేరా అన్నా?”

“ఉన్నార్రా. నువ్వు పుట్టినప్పట్నుంచీ వింటున్నావ్,” అన్నాడు మాష్టారు. “ఇళయరాజా పాటలు. శశిధరన్ బేస్. పల్లవి బాలు పాడుతుంటాడు, కింద బేస్ ఇంకో పాట పాడుతుంటుంది. ఎప్పుడైనా బేస్ ఒక్కటే పట్టుకుని విను.”

చర్చి బేసిస్టు కళ్లు పెద్దవి చేసింది. ఆమెకి తోచిన సంగతి ఈ సాయంత్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ వాద్య ఆల్బం 1986లో వచ్చింది. త్యాగరాజుకీ బాక్‌కీ అంకితం. అందులో ఒక రచన పేరే బాక్ మా ఇంట్లో కలిశాడన్న అర్థం వచ్చేట్టు ఉంటుంది. అదే ఏడు, భూగోళం అవతల, బాక్‌ని చదువుకున్న ఒక బెల్‌బాటమ్ కుర్రాడు వాయించిన ‘ఓరియన్’ విడుదలైంది. ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశం లేదు. ఇద్దరూ చేసింది మాత్రం ఒకటే పని: అడుగున పడి ఉండే స్వరానికి సొంత నడక ఇవ్వడం. బాక్ దగ్గర కింది గొంతు పై గొంతుకి నౌకరు కాదు. రెండూ ఎవరి దారిన అవి పోతూనే కలుస్తాయి. పల్లవి చరణాలతో పాటు బేస్‌ని కూడా తెలీకుండానే కూనిరాగం తీస్తూ పెరిగిన తెలుగు చెవికి క్లిఫ్ బర్టన్ పరాయివాడు కాడు. మెటల్ అనగానే గోల అని ఛానల్ మార్చేవాళ్లు కూడా ‘ఓరియన్’ నడిమి భాగం దగ్గర ఆగుతారని నేను పందెం కాస్తాను.

“అయితే తీర్పు చెప్పండి సర్,” అంది ఆమె. “గొప్ప బేసిస్టా, కాదా?”

మాష్టారు బిస్కెట్ చాయ్‌లో ముంచాడు. అది విరిగి గ్లాసులో పడింది. “చేతుల లెక్కలో మొదటి పదిమందిలో నేనైతే పెట్టను. గెడ్డీ లీ ఉన్నాడు, స్టీవ్ హారిస్ ఉన్నాడు. క్లిఫ్ చెయ్యి ఇంకా తయారవుతోంది. 24 ఏళ్లకి ఎవరి చెయ్యి తయారవుతుంది? బుర్ర మాత్రం ఆ బృందంలో అందరికంటే ముందుంది.”

“నేను ఒప్పుకోనండీ,” అన్నాడు భీమవరం ఆయన. “మొదటి పదిలో ఉంటాడు.” 2011లో రోలింగ్ స్టోన్ పాఠకుల ఓటింగులో తొమ్మిదో స్థానం వచ్చిందని ఫోన్ తీసి చూపించాడు. పాఠకుల ఓటింగు తీర్పు కాదని ఆమె అంది. ఇంకో రౌండు చాయ్ వచ్చింది.

నేను మాష్టారి వైపు. ఆమె పట్టుకున్న తప్పులు నిజమే, లైవ్‌లో అతను తాళం మీద పరుగెత్తిన చోట్లు ఉన్నాయి. కానీ బేసిస్టుని వేళ్ల వేగంతో కొలిస్తే మిగిలేది సర్కసు. బృందంలో ఒకడు నోటేషన్ చదివి వచ్చి మిగతా ముగ్గురి చెవులు మార్చాడా లేదా అన్నది కొలత అయితే, క్లిఫ్ బర్టన్‌తో పోల్చడానికి మెటల్‌లో రెండో పేరు నాకు తట్టదు.

మీకు మెటల్ పడకపోయినా పర్వాలేదు. ‘ఓరియన్’లో అరిచేవాడు లేడు, పాట మొత్తం ఎనిమిదిన్నర నిమిషాలు. నాలుగో నిమిషం దాకా ఓపిక పట్టండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. హెడ్‌ఫోన్స్ లేకపోతే పక్కవాళ్లనడిగి తీసుకోండి.